గుర్తు పెట్టిన మనిషి

పంతులు గారికి జ్వరం రోజు విడిచి రోజు వచ్చేది. మద్రాసు కాగితం వచ్చింది జ్వరం లేని రోజున కాబట్టి దాన్ని ఆయనే విప్పి చదువుకున్నారు. చదివి మడతపెట్టి, కళ్లజోడు తీసి, "పోలయ్యా, బళ్లు మాట్లాడు" అన్నారు.

ఎందుకని నేను అడగలేదు. కాగితం నా చేతికిచ్చారు. ఈ సంవత్సరం మన కరెంటు లైనుకు సొమ్ము లేదు. వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు చూస్తారు. సర్వే పార్టీని ఎత్తివేసి పరికరాలు విశాఖపట్నంలో అప్పగించాలి. కొండల మీద పాతిన కర్రలను మాత్రం ఎక్కడివి అక్కడే వదిలెయ్యాలి, ముందు ముందు పనికి రావచ్చు.

ఆయన పూర్తి పేరు భగవాన్లు పంతులు. మా పార్టీకి ఇంజనీరు. నేను ఆయన కింద ఎస్టిమేటు గుమాస్తాను. శృంగవరపుకోట దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంటివాణ్ణి. మా ఇంట్లో బి.ఎ. చదివింది నేనే మొదలు. ఏ పనైనా సగంలో వదిలేస్తే ఆ మాట నాకు కాదు, మా ఇంటిల్లిపాదికీ వస్తుందన్న భయం నాలో ఎప్పుడూ ఉండేది. ఆ కాగితంతో మొదటిసారి సగంలో వదిలెయ్యమని ఆజ్ఞ వచ్చింది. ఊరట కలగాలి, కలగలేదు.

మా పని ఇదీ. మాచ్‌ఖండ్ నీళ్లు కొండ అంచునుంచి లోయలోకి దూకే చోట యంత్రాలు పెట్టి కరెంటు తియ్యాలి. బొగ్గు అక్కర్లేదు, పొగ రాదు, వానలు పడినంత కాలం నీటికి లోటు లేదు. ఆ కరెంటును పాడువా, అరకు, అనంతగిరి మీదుగా రాగి తీగల మీద సముద్రం ఒడ్డుకు చేర్చాలి. అక్కడ రేవు తవ్వుతున్నారు, మిల్లులున్నాయి. "తియ్యడం కష్టం కాదు పోలయ్యా, ఇంత దూరం మొయ్యడం కష్టం" అనేవారు పంతులు గారు.

అసలు కష్టం అంతకంటే కింద ఉంది. రేవు పనుల కంట్రాక్టరును అడిగితే "ముందు ధర చెప్పండి, ఎంత వాడతామో తర్వాత చెబుతాం" అన్నాడు. ఎంత వాడతారో తెలియకుండా ధర కట్టడం ఎలా? మిల్లుల వాళ్లు "ముందు తీగ మా గేటు దాకా రానివ్వండి" అన్నారు. మద్రాసు వాళ్లు "ముందు మిల్లుల చేత రాయించుకు రండి" అన్నారు. ఈ ముగ్గురి మధ్యా పంతులు గారు నల్లకోటు వేసుకుని తిరిగారు. నేను ఎస్టిమేటు తిరగరాశాను. ఇనప స్తంభాలు తీసేసి గుగ్గిలం చెట్ల దుంగలు వేశాను. తీగ సన్నం చేశాను. ప్రతిసారీ "ఇంకా తగ్గించవలెను" అని తిరిగి వచ్చేది. ఒకసారి పంతులు గారు నవ్వుతూ, "తీగ తీసేసి రాయవయ్యా, ఒప్పుకుంటారేమో చూద్దాం" అన్నారు. తర్వాత తర్వాత ఆ నవ్వు కూడా పోయింది.

ఆయన మిగుల్చుకున్నవి ఆ కర్రలే. లైను వంకర పోకుండా ఉండాలంటే ఒక కొండ నెత్తినుంచి ఇంకో కొండ నెత్తి కనిపించాలి. అందుకని ప్రతి నెత్తినా ఒక గుగ్గిలం కర్ర పాతి, పైన తెల్లగుడ్డ కట్టించారు. గొయ్యి కూలీలు తవ్వేవారు కాని కర్ర నిలబెట్టడం ఆయనే చెయ్యాలి. తూకపు గుండు కట్టిన దారం పట్టుకుని, చుట్టూ రాళ్లు తన చేత్తోనే దట్టించేవారు. ఇక్కడ వెంట్రుకంత ఒరిగితే అక్కడ ఒక ఊరు తప్పిపోతుందని ఆయన చాదస్తం.

అరకులో మేము దిగిన ప్రయాణికుల బంగళా ముందు నేను బళ్లవాడితో బేరమాడుతుండగా కొండ మీది గూడెం నుంచి సోములమ్మ వచ్చింది. చనిపోయిన గూడెం పెద్దకి భార్య. మొగుడు పోయాక గూడెం మాట ఆవిడదే. వెనకాల మరిది గాసి, భుజాన గొడ్డలి.

"దండాలు బాబూ. బళ్లు కడతన్నారంట, ఎల్లిపోతారేటి?" అంది పంతులు గారిని చూసి.

"వెళ్లిపోతున్నామమ్మా."

"మరి మా మెట్ట మీద కర్ర?"

"అది అక్కడే ఉంటుంది."

గాసి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. "నాను సెప్పనేదా వొదినా? ఈళ్లు ఇత్తరు, ఎత్తరు."

పంతులు గారికి అర్థం కాలేదు, నాకూ కాలేదు. అడిగితే చెప్పారు. అక్కడ ఎవరైనా ఒక మెట్టను, అంటే కొండను, పోడు సేద్యానికి కోరుకుంటే దాని నెత్తిన కర్ర పాతి, పైన ఆకుల కట్ట కడతారు. ఆ మీదట అది వాళ్లది. ఆ గుర్తును పెట్టిన మనిషే తియ్యాలి. ఇంకొకరు చెయ్యి వెయ్యరు. మా తెల్లగుడ్డ కర్రలు చూసి, పంతులు గారు సేద్యానికి మెట్టలు కోరుకున్నారని వాళ్లనుకున్నారు. కోరుకుని, ఒక్కదాని మీదా గింజ చల్లలేదని కూడా అనుకున్నారు.

"ఇత్తుతాడు, ఇత్తుతాడని సూసినాం బాబూ" అంది సోములమ్మ. "ఒక వాన పోనాది. రెండో వాన పోనాది. మా వోళ్లెవులైనా ఇలాగ సేత్తే ఊరు కూకుని తిట్టేత్తాది. నువ్వు దొరవి, ఏటంటాం?"

"నెత్తి నెత్తికీ ఎట్టీసినాడంట వొదినా, సముద్రం దాకా" అన్నాడు గాసి. "అంత పంట ఏటి సేసుకుంతాడని మా గుంటలు నవ్వుతారు. ఇంట్లో ఎంతమంది బాబూ మీకు?"

నాకు నవ్వు ఆగలేదు. పంతులు గారు మొదట నవ్వలేదు. తర్వాత ఆయనకీ వచ్చింది, దగ్గుతో కలిసి.

ఆయన ఓపిగ్గా చెప్పారు. విత్తడానికి కాదు, నీళ్ల బలాన్ని తీగ మీద పంపడానికి అని. సోములమ్మ శ్రద్ధగా విని, "మా మెట్ట మీద ఏటి దిగుద్ది?" అని అడిగింది.

"ఏమీ దిగదు. పైనుంచి పోతుంది."

"ఎప్పుడు పోద్ది?"

పంతులు గారు మడిచిన కాగితం వైపు చూశారు. "తెలీదు."

"సరే. మరి కర్ర ఎత్తీ. ఈ ఏడు ఆ మెట్ట వంతు. కిందవి రెండూ సారం సచ్చిపోనాయి. మాఘంలో నరికినాం, కొమ్మంతా ఎండి పడుంది. ఇంక నిప్పెట్టడమే. వాన తడిపేసిందంటే కాలదు. కాలకపోతే బూడిద నేదు. బూడిద నేకపోతే సామలు నేవు, సోళ్లు నేవు. గూడెం అంతా ఏటి తింటాది?"

"నరికేటప్పుడు అడ్డం రాని గుర్తు నిప్పుకి అడ్డమా?" అన్నాను నేను.

"నరకడానికి ఊరి మాట సాలు. నిప్పుకి సాలదు బాబూ. నిప్పెడితే కర్ర కాలద్దా? ఒకరి గుర్తు కాల్సినోళ్ల ఇంట గింజ నిలవదు."

"నేనే వచ్చి పీకుతానులే" అన్నాను.

గాసి నన్ను కిందనుంచి పైకి చూశాడు. "నువ్వెట్టినావేటి?"

"లేదు."

"మరి?"

పంతులు గారు లేచి నిలబడ్డారు. "నేను పీకనమ్మా. పీకకూడదు. ఇటు పాడువా వైపు, అటు అనంతగిరి వైపు రెండూ కనిపించేది ఆ ఒక్క నెత్తి మీంచే. లైను తిరిగేది అక్కడే. అది పోతే మొత్తం మళ్లీ మొదలుపెట్టాలి. నువ్వు నిప్పు పెట్టుకో, కాలితే కాలనీ, నేనేమీ అనను. కాని నా చేత్తో పీకను."

సోములమ్మ తూర్పున మబ్బు కేసి చూసి, "బేగి ఆలోసించు బాబూ" అని వెళ్లిపోయింది. గాసి మాత్రం మెట్లు దిగుతూ, "కాలితే కాలనీ అంట. గింజ పోయీది ఆయనింటా, మనింటా?" అని గొణిగాడు.

ఆ సాయంత్రం నేను కోణాలు కొలిచే థియోడొలైటును పెట్టెలో సర్దుతుంటే పంతులు గారు మంచం మీద కూర్చుని క్వినైను మింగారు. మొహం చేదుగా పెట్టి, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు. "ఆ నెత్తి దొరకడానికి ఎన్ని కొండలు ఎక్కి దిగామో నీకు తెలుసు. అక్కడే కదా నాకు మొదటిసారి ఈ చలిజ్వరం పట్టుకుంది. వచ్చే ఏడు సొమ్ము వస్తే? అప్పుడు ఎవరు ఎక్కుతారు మళ్లీ?"

నేను పెట్టె మూత వేశాను. నా నోట్లో ఒక మాట ఉంది. పెద్దాయన, జబ్బు మనిషి, చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పకపోతే ఆయన రేపు బండెక్కుతారు, కొండ అలాగే ఉంటుంది.

"వచ్చే ఏడు సొమ్మొస్తే ఇంకో ఇంజనీరు వస్తారండి" అన్నాను. "ఆయన మన కర్రల్ని నమ్మరు. తనవి తనే పెట్టుకుంటారు. మనం వచ్చినప్పుడు పాడువా దారిలో ఎవరో పాత సర్వే వాళ్లు పేర్చిన రాళ్లు కనిపించాయి కదండీ. మీరు వాటిని పక్కకు తన్నించేశారు."

ఆయన దుప్పటి కాళ్ల మీదికి లాక్కున్నారు. తర్వాత "అవును, అవి రెండు డిగ్రీలు తప్పున్నాయి" అన్నారు. అని గోడ వైపు తిరిగి పడుకున్నారు.

పొద్దున్న లేచేసరికి కొండల మధ్య మబ్బు దిగి ఉంది. పంతులు గారు అప్పటికే కోటు వేసుకుని వరండాలో కూర్చున్నారు.

"గునపం తియ్యవయ్యా బయటికి" అన్నారు.

"ఇవాళ మీకు జ్వరం రోజండి."

"వచ్చేది మధ్యాహ్నం కదా."

"కాగితంలో కర్రలు వదిలెయ్యమని..."

"నువ్వు చదివావు కదా అది?"

"చదివానండి."

"అయితే నువ్వు ముట్టుకోకు. ఇది నా పని."

ఎక్కగలనని బయల్దేరారు కాని గూడెం దాటేసరికి బాట పక్క బండ మీద కూర్చుండిపోయారు. గాసి ఇద్దరు మనుషుల్ని పిలిచి, వెదురు బొంగుకి దుప్పటి కట్టి డోలీ చేయించాడు. దుప్పట్లో ముడుచుకుని కూర్చున్న పంతులు గారు బాట మలుపు తిరిగినప్పుడల్లా తల బయటపెట్టి లైను ఎటు పోతుందో చూసుకునేవారు. నేను గునపం భుజాన వేసుకుని వెనక నడిచాను.

మెట్టంతా నరికేసి ఉంది. ఎండిన కొమ్మ మోకాలెత్తున పరుచుకుని, కాలు పెడితే పటపటమంటోంది. నెత్తి మీద ఒక్క కర్ర నిలబడి ఉంది. గుడ్డ పీలికలైంది కాని కర్ర నిట్టనిలువుగా ఉంది. గూడెం జనమంతా దూరంగా బండల మీద చేరారు. ఒక ముసలిది నిప్పుకుండ ముందు పెట్టుకుని ఊదుతోంది.

పంతులు గారు గునపం అందుకుని మొదటి రాయి కదిపారు. రెండోది కదలలేదు. నేను వంగబోతే సోములమ్మ నా చొక్కా పట్టుకుని లాగింది.

"నువ్వొద్దు బాబూ. సెయ్యి మారకూడదు."

"ఆయనకి ఒంట్లో బాగులేదు."

"తెలుసు. కూకో."

కూర్చున్నాను. అలా చూస్తూ కూర్చోవడమే నేను ఆ ఉద్యోగంలో చేసిన పనులన్నిటిలోకీ కష్టమైంది. ఆయన ఒక రాయి తీసి, కాసేపు దాని మీదే కూర్చుని ఊపిరి పీల్చి, మళ్లీ ఇంకో రాయి తీసేవారు. జనం చెయ్యి సాయం చెయ్యలేదు కాని నోటి సాయానికి లోటు చెయ్యలేదు.

"కిందనుంచి పొడు బాబూ, పక్కనుంచి కాదు!"

"ఆ పెద్ద రాయి ముందు తియ్యి!"

"అంత లోతుకి పాతినాడేటే, ఏనుగుని కట్టడానికేటి?" అని ఒక ఆడమనిషి అంటే అందరూ ఘొల్లున నవ్వారు.

పంతులు గారికి రోషం వచ్చింది. "ఒరిగిపోకూడదని పాతాను!" అని అరిచారు.

"ఒరగనేదులే బాబూ" అన్నాడు గాసి మర్యాదగా. "శానా బాగా పాతినావు."

పొద్దు నడినెత్తికి రాకముందే చలి మొదలైంది. ఆయన పళ్లు కొట్టుకోవడం నాకు కూర్చున్న చోటికి వినిపించింది. గునపం చేతిలోంచి జారింది. ఆయన దాన్ని తీసుకోలేదు. రెండు చేతులతో కర్రను కావిలించుకుని, బరువంతా దాని మీద వేసి ముందుకీ వెనక్కీ ఊగడం మొదలుపెట్టారు. వణుకుతున్నారో ఊపుతున్నారో తెలియలేదు. కర్ర అడుగున మట్టి నెర్రె విచ్చింది. ఇంకొంత ఊగారు. కర్ర ఆయనతో సహా పక్కకు ఒరిగి పడింది.

నేను పరుగెత్తబోయాను. సోములమ్మ మళ్లీ ఆపింది. "ఇంకొక్కటుంది" అని ఆయన దగ్గరికి తనే వెళ్లి నిలబడింది. "నోటితో సెప్పాల బాబూ."

"ఏం చెప్పాలి?" అన్నారు పంతులు గారు, నేల మీదనుంచే.

"వొగ్గీసినానని."

"వదిలేశాను."

"ఏటి వొగ్గీసినావో సెప్పు. కొండ తల్లి వినాల."

ఆయన కళ్లు మూసుకున్నారు. "ఈ కొండ వదిలేశాను. నేను దీని మీద ఏమీ వెయ్యను."

అప్పుడు అందరూ ఒక్కసారి లేచారు. నలుగురు ఆయన్ని ఎత్తి డోలీలో వేశారు, ఉన్న దుప్పట్లన్నీ కప్పారు. ముసలిది నిప్పుకుండ తీసుకుని గాలివాలుకి కిందకి దిగింది. మేము అవతలి వాలు దిగుతుండగా వెనక నుంచి ముందు పొగ వాసన, తర్వాత చప్పుడు వచ్చాయి. వెనక్కి తిరిగి చూస్తే మెట్ట ఈ చివరనుంచి ఆ చివరకి అంటుకుంది. పొగలో ఇటు పాడువా వైపు కొండలూ కనపడలేదు, అటు అనంతగిరి వైపు కొండలూ కనపడలేదు. సోములమ్మ మాతో రాలేదు. మంట అంచున కొమ్మ పట్టుకుని, నిప్పు అడవిలోకి పాకకుండా కొట్టే వాళ్లలో ఉంది. ఒకసారి చెయ్యెత్తింది. మాకో, మంట దగ్గరి వాళ్లకో తెలియదు.

కింద పారే గెడ్డ ఒడ్డున గాసి మనుషులు డోలీ దించి, చెమట తుడుచుకుని, చుట్టలు వెలిగించారు.

పంతులు గారు దుప్పట్లోంచి మొహం బయటపెట్టారు. "ఇదేమిటి, బంగళాకి ఇటు దారి కాదే?"

"బంగళా ఏటి బాబూ?" అన్నాడు గాసి. "ఇది మా పొలిమేర. ఇక్కణ్ణించి అవతలి గూడెపోళ్లు మోత్తారు. కబురెళ్లింది. ఆళ్ల మెట్ట మీదా నీ గుర్తుంది కదా? ఆళ్లూ నరికీసి కూకున్నారు."

"దాని తర్వాత?"

"దాని తర్వాత ఆళ్ల పొలిమేర. అక్కణ్ణించి ఇంకోళ్లు."

పంతులు గారు నా వైపు చూశారు. నేను గెడ్డ వైపు చూశాను. బంగళా దగ్గర బళ్లు కట్టి ఉంటాయి. పరికరాలు అప్పగించకపోతే సంజాయిషీ నేను రాయాలి. నాకు నిద్రొస్తోంది. మధ్యాహ్నం కూడా కాలేదు, అయినా నిద్రొస్తోంది.

"బళ్ల సంగతి?" అన్నారాయన.

"బళ్లవాడికి కబురు పంపుతానండి, ఉంటాడు. ముందు మీకు జ్వరం తగ్గాలి."

"పోలయ్యా, ఎస్టిమేటులో కర్రలు పాతడానికి కూలి వేశాం కదూ?"

"వేశామండి."

"పీకడానికి?"

"వెయ్యలేదండి."

"మద్రాసు వాళ్లు అది మాత్రం అడగలేదు చూశావా?" అని ఆయన మళ్లీ దుప్పటి లాక్కున్నారు. దుప్పటి వణుకుతూనే ఉంది.

గెడ్డ అవతలి గట్టు మీద నలుగురు కనిపించారు. నీళ్లలో దిగి ఇటు వచ్చారు. ముందున్న మనిషి పేరు సోంబరు అని గాసి చెప్పాడు. అతను దుప్పటి అంచు ఎత్తి పంతులు గారి మొహం చూసి, బొంగు ఒక చివర పట్టుకుని కాస్త లేపి దించాడు.

"బరువేటి నేదు" అన్నాడు తన వాళ్లతో. "ఎముకలే. ఇతనా అన్నన్ని కర్రలు పాతింది?"

"ఇతనే" అన్నాడు గాసి. "మెల్లిగా మొయ్యండి, జరం. మెట్ట ఎక్కినాక కొంచెం గంజి తాగించండి. నేదంటే పీకనేడు."

మొదటి చినుకు నా చేతి మీద పడింది. సోంబరు ఆకాశం కేసి చూసి, "బేగి ఎత్తండ్రా" అన్నాడు. వాళ్లు డోలీ భుజాలకెత్తుకున్నారు. నేను గునపం తీసుకుని వాళ్ల వెనకాల గెడ్డలో దిగాను.